పాపకి మర్మర్ ఉందన్నారు, పిల్లల గుండె డాక్టర్‌కి చూపించమన్నారు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

చంటిదాని_అమ్మ
అందరికీ నమస్కారం. మా పాపకి ఆరో వారం. టీకాకి తీసుకెళ్తే పిల్లల డాక్టర్ గారు స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు విన్నారు. "మర్మర్ వినిపిస్తోంది, అంటే గుండె చప్పుడుతో పాటు అదనపు శబ్దం. ఒకసారి పిల్లల గుండె డాక్టర్‌కి చూపించి ఎకో (గుండె స్కాన్) తీయించండి" అని చీటీ రాసిచ్చారు. కంగారు పడొద్దన్నారు గానీ గుండె అనే మాట చెవిన పడ్డాక నిద్ర పట్టడం లేదు. పాప పాలు బాగానే తాగుతుంది, మధ్యలో ఒకటి రెండుసార్లు ఆగుతుంది. మర్మర్ ఉంటే రంధ్రం ఉన్నట్టేనా? పెద్దవాళ్లని చూసే గుండె డాక్టర్ మాకు దగ్గరలో ఉన్నారు, ఆయన సరిపోరా?

గుండె_గెలిచిన_వాడి_నాన్న
చెల్లీ, ముందు కాస్త ఊపిరి పీల్చుకో. మా బాబుకి పెద్ద వీఎస్‌డీ, అంటే గుండె కింది రెండు గదుల మధ్య గోడలో రంధ్రం. చంటిప్పుడే ఆపరేషన్ అయింది, ఇప్పుడు బడికెళ్తున్నాడు, అందరి పిల్లల్లాగే పరిగెడతాడు.

నువ్వు ఇంట్లో చూడాల్సింది పాలు తాగే తీరు. మావాడు నాలుగు గుక్కలు తాగి ఆయాసపడి వదిలేసేవాడు. నుదురంతా చెమట. కాసేపటికే మళ్లీ ఆకలికి ఏడుపు. గంట సేపు పట్టినా కడుపు నిండేది కాదు. బరువు పెరగలేదు. వెచ్చగా కప్పడం వల్ల చెమట పడుతోందని చుట్టుపక్కలవాళ్లు అనేవారు. చల్లని గదిలో పాలు తాగుతున్నా నుదుటి మీద, తల మీద చెమట పడుతుంటే డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి.

పిల్లల_గుండె_వైద్యుడు
చంటిదాని అమ్మ గారూ, నేను పిల్లల గుండె జబ్బులు చూసే డాక్టర్‌ని. పాపను చూడకుండా జబ్బు ఇదీ అని చెప్పడం తప్పు. అందుకని మీరు అడిగినవాటికి మాత్రం వివరంగా చెప్తాను.

మర్మర్ వినిపించినంత మాత్రాన రంధ్రం ఉన్నట్టు కాదు. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో చాలామందికి ఎదిగే వయసులో ఏదో ఒకప్పుడు వినిపిస్తుంది. జార్జ్ ఫ్రెడరిక్ స్టిల్ అనే బ్రిటిష్ పిల్లల వైద్యుడు 1909లో అలాంటి హాని లేని శబ్దాన్ని వర్ణించాడు. ఇప్పటికీ దాన్ని స్టిల్స్ మర్మర్ అనే పిలుస్తాం. తీగ మీటినట్టు మెత్తగా ఉంటుంది, జ్వరం వస్తే పెరుగుతుంది, పిల్లవాడు లేచి కూర్చుంటే తగ్గుతుంది. దానికి మందూ వద్దు, ఆంక్షలూ వద్దు.

కానీ ఆ శబ్దం ఎక్కువగా రెండేళ్లు దాటిన పిల్లల్లో వింటాం. నెలల పసిబిడ్డలో మర్మర్ వింటే ఎకో తీయించడమే మంచి పని. మీ డాక్టర్ గారు సరిగ్గా పంపారు.

ఆరో వారంలోనే ఎందుకు వినపడింది, పుట్టినప్పుడు ఎవరూ ఎందుకు చెప్పలేదు అని మీకు అనిపిస్తూ ఉండవచ్చు. పుట్టిన కొత్తలో ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి ఎక్కువ. గుండె గోడలో రంధ్రం ఉన్నా రెండు పక్కలా ఒత్తిడి దాదాపు సమానం కాబట్టి రక్తం పెద్దగా దాటదు, శబ్దమూ రాదు. కొన్ని వారాల్లో ఊపిరితిత్తుల వైపు ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు ఎడమ గది నుంచి కుడి గదికి రక్తం జోరుగా దాటడం మొదలవుతుంది. అందుకే పుట్టినప్పటి పరీక్షలో ఏమీ లేదన్న బిడ్డకే నెల, నెలన్నర వయసులో మర్మర్ బయటపడుతుంది. మొదటి పరీక్ష చేసినవాళ్ల పొరపాటు ఉండనక్కర్లేదు.

ఇంకో సంగతి. శబ్దం పెద్దదైతే జబ్బు పెద్దదని అనుకుంటారు. వీఎస్‌డీలో తరచు దీనికి తిరగబడి ఉంటుంది. నీళ్ల గొట్టం కొసకి వేలు అడ్డం పెడితే ధార ఎంత చప్పుడుతో చిమ్ముతుందో, చిన్న రంధ్రం గుండా రక్తం అలా చిమ్ముతుంది. పెద్ద రంధ్రంలో శబ్దం మెత్తగా ఉండి బిడ్డ మాత్రం ఆయాసపడుతూ ఉండవచ్చు. అందుకే పైన నాన్నగారు చెప్పిన గుర్తులు నాకు మర్మర్ జోరు కంటే ముఖ్యం.

పెద్దవాళ్ల డాక్టర్ సంగతి: వాళ్లు రోజూ చూసేది ఎక్కువగా పూడుకుపోయిన రక్తనాళాలు, గుండెపోటు, బీపీ. పసిపిల్లల్లో మేం చూసేది గుండె నిర్మాణంలో లోపాలు. ఏ గదికి ఏ నాళం అతుక్కుంది, గోడ ఎక్కడ పూర్తి కాలేదు, కవాటం ఎలా తయారైంది అనేవి. నిమిషానికి 150 సార్లు కొట్టుకునే చిన్న గుండెలో వీటిని ఎకోలో వరసగా వెతకడానికి వేరే శిక్షణ కావాలి. కాస్త దూరమైనా పిల్లల గుండె డాక్టర్ దగ్గరికే వెళ్లండి.

పిల్లల_ఐసీయూ_నర్సు
ఎకోకి వెళ్లేవాళ్ల కోసం నాలుగు మాటలు. ఎకోలో సూది ఉండదు, నొప్పి ఉండదు, ఎక్స్‌రే కిరణాలు ఉండవు. ఛాతీ మీద జెల్ రాసి చిన్న ప్రోబ్ ఆనించి చూస్తారు. బిడ్డ కదలకుండా ఉండాలి, అంతే. చంటివాళ్లయితే పాలు పట్టి నిద్రపుచ్చితే పని జరిగిపోతుంది. కాస్త పెద్ద పిల్లలకి ఒక్కోసారి నిద్రమందు ఇస్తారు. అలా ఇస్తే ఎంతసేపు ముందు నుంచి పాలు ఆపాలో వాళ్లే చెప్తారు, మీ అంతట మీరు ఆపొద్దు.

పుట్టినప్పటి నుంచి రాసిన బరువుల కార్డు తప్పకుండా తీసుకెళ్లండి. డాక్టర్ మొదట అడిగేది అదే.

ఊపిరి లెక్క: బిడ్డ ప్రశాంతంగా ఉన్నప్పుడో నిద్రలోనో పొట్ట ఎన్నిసార్లు పైకి లేస్తుందో పూర్తిగా ఒక నిమిషం చూడండి. పావు నిమిషం చూసి నాలుగుతో గుణించొద్దు, చంటిపిల్లల ఊపిరి ఒకే లయలో ఉండదు. రెండు నెలల లోపు బిడ్డకి 60, రెండు నుంచి పన్నెండు నెలల మధ్య 50, ఏడాది నుంచి అయిదేళ్ల వరకు 40. ఆ అంకె గానీ, అంతకంటే ఎక్కువ గానీ వస్తే కాసేపాగి మళ్లీ లెక్కపెట్టండి. అప్పుడూ అలాగే ఉంటే ఆ రోజే చూపించాలి.

రంగు గురించి కూడా. చలికి చేతులు, కాళ్లు కాస్త నీలంగా మారడం పుట్టిన కొత్తలో మామూలే. పెదాలు, నాలుక, చిగుళ్లు నీలంగా ఉంటే మాత్రం ఆగకూడదు. చామనఛాయ పిల్లల్లో పెదాల్లో తెలియకపోవచ్చు, నోరు తెరిచి నాలుక చూడండి.

చంటిదాని_అమ్మ
డాక్టర్ గారికి, అక్కకి, అన్నకి చాలా కృతజ్ఞతలు. ఎకో అయింది. చిన్న మస్క్యులర్ వీఎస్‌డీ, మూడు మిల్లీమీటర్లు అని రాశారు. మందులేమీ ఇవ్వలేదు, కొన్ని నెలల తర్వాత మళ్లీ రమ్మన్నారు. దానంతట అదే మూసుకుపోవచ్చు అన్నారు. నిజంగా మూసుకుపోతుందా, లేక మమ్మల్ని ఊరడించడానికి అన్నారా?

పిల్లల_గుండె_వైద్యుడు
నిజమే చెప్పారు. గోడలోని కండర భాగంలో చిన్న రంధ్రాలు చాలావరకు మొదటి ఒకటి రెండేళ్లలో చుట్టూ కండరం పెరిగి మూసుకుపోతాయి. మూసుకోకుండా చిన్నదిగానే మిగిలిపోయినా చాలామంది ఏ ఇబ్బందీ లేకుండా జీవితం గడిపేస్తారు. అందుకని మందులివ్వకపోవడం నిర్లక్ష్యం కాదు.

అయితే అన్ని రంధ్రాలూ ఇలాంటివి కావు. "మా బంధువుల అబ్బాయికి దానంతట అదే పోయింది, మీకూ పోతుంది" అనే మాట నమ్మి పరీక్షలు మానేసిన పిల్లల్ని చూస్తుంటాను, అందుకే కొంచెం విడమరిచి రాస్తాను.

గోడ పైభాగంలో, కవాటాలకు దగ్గరగా ఉండే వీఎస్‌డీలు కొన్ని మూసుకుంటాయి, కొన్ని మూసుకోవు. బృహద్ధమని కవాటం కింద ఉన్నవాటిలో కవాటపు రెక్క రంధ్రంలోకి జారి లీకు మొదలుకావచ్చు. అది గమనించడానికే మళ్లీ మళ్లీ ఎకో. పెద్ద వీఎస్‌డీ ఉంటే ఊపిరితిత్తుల్లోకి రక్తం వరదలా వెళ్తుంది. బిడ్డకి ఆయాసం, తరచు న్యుమోనియా, బరువు పెరగకపోవడం. అప్పుడు ఫ్యూరోసమైడ్ లాంటి, ఒంట్లో ఎక్కువైన నీటిని మూత్రంలో పంపే మందులు, ఎక్కువ కేలరీలున్న పాలు ఇచ్చి, సాధారణంగా మొదటి ఏడాదిలోనే ఆపరేషన్ చేస్తాం.

ఏడాదిలోనే ఎందుకు, కాస్త పెద్దయ్యాక చేయించకూడదా అని దాదాపు ప్రతి కుటుంబం అడుగుతుంది. ఈ విషయంలో నేను మొహమాటపడను. ఆ వరద ఏళ్ల తరబడి సాగితే ఊపిరితిత్తుల రక్తనాళాలు గట్టిపడి ఒత్తిడి శాశ్వతంగా పెరిగిపోతుంది. ఒక దశలో రక్తం ఎదురు దిశలో పారి బిడ్డ నీలంగా మారుతుంది. ఐజన్‌మెంగర్ సిండ్రోమ్ అంటారు. ఆ దశకు వచ్చాక రంధ్రం మూస్తే ప్రాణానికే ముప్పు. చంటితనంలో పూర్తిగా నయమయ్యే జబ్బును వాయిదా వేసి నయం కానిదిగా చేసుకోవడం చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది. అందులోనూ మోసపోయే అవకాశం ఒకటుంది. ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరిగే కొద్దీ లోపలికి వెళ్లే రక్తం తగ్గుతుంది, ఆయాసం తగ్గుతుంది, బిడ్డ తేరుకున్నట్టు కనిపిస్తుంది. పెద్ద రంధ్రం అని తేలిన బిడ్డ మందు మార్చకుండానే హఠాత్తుగా బాగుపడితే సంతోషించి ఇంట్లో ఉండిపోవద్దు, ఎకో చేయించండి.

ఏఎస్‌డీ (పై గదుల మధ్య రంధ్రం) నెమ్మదైనది. చాలామంది పిల్లల్లో ఏ గుర్తూ ఉండదు. చిన్నవి మూసుకుంటాయి. పెద్దవాటిని బడికి వెళ్లే వయసుకు ముందు, మూడు నుంచి అయిదేళ్ల మధ్య మూస్తాం. రంధ్రం నడిమధ్యలో ఉండి చుట్టూ అంచు ఉంటే ఛాతీ తెరవక్కర్లేదు. తొడ దగ్గరి సిర గుండా గొట్టం పంపి గొడుగు లాంటి డివైస్ అమర్చవచ్చు. మిగతా రకాలకి సర్జరీయే.

పీడీఏ అంటే గర్భంలో ఊపిరితిత్తుల నాళాన్ని బృహద్ధమనితో కలిపే నాళం పుట్టాక కూడా తెరుచుకుని ఉండిపోవడం. మామూలుగా రెండు మూడు రోజుల్లో మూసుకుంటుంది. నెలలు నిండకుండా పుట్టినవాళ్లలో తెరుచుకుని ఉండటం ఎక్కువ.

వైద్యచరిత్ర_చదువరి
డాక్టర్ గారు పీడీఏ మాట ఎత్తారు కాబట్టి ఒక సంగతి పంచుకోవాలనిపించింది. పిల్లల గుండె సర్జరీ మొదలైందే దానితో. 1938లో బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ ఒక ఏడేళ్ల పాపకి ఆ నాళాన్ని ముడివేసి మూశాడు.

నన్ను ఎక్కువ కదిలించేది హెలెన్ టౌసిగ్ కథ. పిల్లల గుండె డాక్టర్. అమెరికాలో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో నీలంగా మారే పిల్లల్ని చూసేది. ఆమెకి వినికిడి బాగా తగ్గిపోయింది. స్టెతస్కోప్ మీద ఆధారపడలేక చేతివేళ్లతో ఛాతీని తాకి గుండె లయను గుర్తుపట్టేది. ఆ పిల్లల్లో కొందరు పీడీఏ తెరిచి ఉన్నంతకాలం బాగుండి, అది మూసుకోగానే దిగజారుతున్నారని గమనించింది. అంటే గ్రాస్ మూస్తున్న దారి వీళ్లకి ప్రాణం పోస్తోంది. అలాంటి దారిని కొత్తగా కట్టగలమా అన్నది ఆమె ప్రశ్న. ఆ దారి కట్టే ఆపరేషన్ చేసిన సర్జన్ ఆల్ఫ్రెడ్ బ్లాలాక్. ఆ పద్ధతిని ప్రయోగశాలలో సాధన చేసి తీర్చిదిద్దినవాడు వివియన్ థామస్, డాక్టర్ డిగ్రీ లేని నల్లజాతి టెక్నీషియన్. 1944 నవంబర్ 29న మొదటి ఆపరేషన్ జరుగుతుంటే థామస్ బ్లాలాక్ వెనక నిలబడి ఎలా చేయాలో చెప్తూ ఉన్నాడు. చాలా ఏళ్లు దానికి మిగతా ఇద్దరి పేర్లే పెట్టి పిలిచారు. థామస్ పేరు కూడా చేర్చి పలకడమే న్యాయమని నా గట్టి అభిప్రాయం.

ఫాలో_పాప_తల్లి
ఆ కథ చదువుతుంటే కళ్లు చెమర్చాయి. మా పాపకి టెట్రాలజీ ఆఫ్ ఫాలో. అంటే వీఎస్‌డీతో పాటు ఊపిరితిత్తులకి వెళ్లే దారి ఇరుకు. 1888లో వర్ణించిన ఫ్రెంచ్ డాక్టర్ పేరే దానికి పెట్టారు. సర్జరీకి ముందు పాపకి స్పెల్స్ వచ్చేవి. పొద్దున లేచి గట్టిగా ఏడ్చినప్పుడు ఒక్కసారిగా నీలమైపోయి, ఊపిరి లోతుగా వేగంగా తీస్తూ, తర్వాత వాలిపోయేది. మా డాక్టర్ ముందే నేర్పించారు కాబట్టి చేతులు ఆడాయి. ఇంకా నేర్చుకోనివాళ్ల కోసం డాక్టర్ గారు చెప్పండి.

పిల్లల_గుండె_వైద్యుడు
బిడ్డను ఒళ్లోకి తీసుకుని మోకాళ్లు ఛాతీకి తగిలేలా మడిచి పట్టుకోవాలి. కాళ్ల వైపు రక్తనాళాల్లో నిరోధం పెరిగితే ఊపిరితిత్తుల వైపు ఎక్కువ రక్తం వెళ్తుంది. నడక వచ్చిన పిల్లలు ఆడుతూ ఆడుతూ గొంతుకు కూర్చునేది ఇందుకే, వాళ్ల శరీరమే నేర్చుకుంటుంది. మీరు కంగారుపడి అరవకూడదు, బిడ్డ ఇంకా ఏడుస్తుంది. మోకాళ్లు మడిచి పట్టుకునే ఆసుపత్రికి బయల్దేరండి. తేరుకున్నా సరే ఆ రోజే డాక్టర్‌కి తెలియజేయాలి, సర్జరీ తేదీ ముందుకు జరపాల్సి రావచ్చు. నీళ్లు తక్కువైనా, రక్తహీనత ఉన్నా స్పెల్స్ పెరుగుతాయి. విరేచనాలు, వాంతులు పట్టుకుంటే తేలిగ్గా తీసుకోవద్దు.

రెండో_కాన్పు
నాకు ఇప్పుడు అయిదో నెల. పెద్దవాడికి వీఎస్‌డీ. రెండో బిడ్డకీ వస్తుందా? మొదటిసారి నేను ఏదో చేయకూడనిది చేశానని ఇంట్లో ఇప్పటికీ అంటుంటారు.

పిల్లల_ఐసీయూ_నర్సు
అమ్మా, ఆ మాట మనసులోంచి తీసెయ్. పుట్టే ప్రతి వెయ్యి మందిలో 8 నుంచి 10 మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. ఎక్కువమందిలో ఇదీ కారణమని ఒకటి చూపించలేం. గుండె రూపం ఎనిమిదో వారానికే దాదాపు పూర్తవుతుంది, అప్పటికి గర్భం సంగతే కొందరికి తెలియదు. బరువులెత్తావనో, మనసు కష్టపెట్టుకున్నావనో గుండెకి రంధ్రం పడదు. ముప్పు పెంచేవి వేరే ఉన్నాయి: అదుపులో లేని షుగర్, గర్భం మొదట్లో రుబెల్లా, మద్యం, మూర్ఛకీ మానసిక జబ్బులకీ వాడే కొన్ని మందులు. ఆ మందులు కూడా డాక్టర్‌ని అడక్కుండా సొంతంగా ఆపకూడదు. ఇంట్లోవాళ్లకి ఈ పోస్టు చదివి వినిపించు.

పిల్లల_గుండె_వైద్యుడు
నర్సు గారు చెప్పిన ప్రతి మాటా నిజం. ఒక బిడ్డకి లోపం ఉన్నప్పుడు తర్వాతి బిడ్డకి వచ్చే అవకాశం సుమారు నూటికి రెండు మూడు. అంటే రాకపోవడానికే అవకాశం చాలా ఎక్కువ. అయినా 18 నుంచి 24 వారాల మధ్య పొట్టలోని బిడ్డకి ప్రత్యేకంగా ఎకో చేయించుకోండి, మీకిది సరైన సమయం. చిన్న రంధ్రాలు అందులో కనపడకపోవచ్చు. పెద్ద లోపాలు తెలిస్తే మాత్రం కాన్పు ఎక్కడ జరగాలో ముందే నిర్ణయించుకోవచ్చు. గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమనులు రెండూ తారుమారైన బిడ్డకి మొదటి గంటల్లోనే ప్రోస్టాగ్లాండిన్ మందుతో పీడీఏని తెరిచి ఉంచాల్సి రావచ్చు. ఆ సౌకర్యం ఉన్నచోట పుట్టడానికీ లేనిచోట పుట్టడానికీ చాలా తేడా.

పుట్టాక ఒక రోజు నిండగానే కుడి చేతికి, ఒక పాదానికి పల్స్ ఆక్సీమీటర్ పెట్టమని అడగండి. రెండు చోట్లా ఆక్సిజన్ 95 శాతం లేదా ఆపైన ఉండి, తేడా 3 లోపు ఉంటే మంచిది. 90 కంటే తగ్గితే వెంటనే పరీక్షలు చేయాలి. బృహద్ధమని ఒకచోట నొక్కుకుపోయే కోఆర్క్టేషన్‌ని ఈ పరీక్ష పట్టుకోకపోవచ్చు. అందుకే తొడ మొదట్లో నాడి కూడా చూడమంటాను.

బడి_పీఈటీ
నా ప్రశ్న పెద్ద పిల్లల గురించి. ఆటల పీరియడ్‌లో ఛాతీ నొప్పి అనే పిల్లలు తరచు ఉంటారు. ఎవర్ని డాక్టర్ దగ్గరికి పంపాలి?

పిల్లల_గుండె_వైద్యుడు
పిల్లల్లో ఛాతీ నొప్పి చాలావరకు కండరాలది, పక్కటెముకల అతుకులది. వేలితో నొక్కితే నొప్పి పెరిగితే, ఊపిరి తీసినప్పుడు గుచ్చినట్టుంటే ఎక్కువగా అదే. గుండె కారణం చాలా అరుదు.

కానీ పరిగెడుతుండగా స్పృహ తప్పి పడిపోయిన పిల్లవాడిని ఎండదెబ్బ అనుకుని నీడలో కూర్చోబెట్టి వదిలేయకండి. అసెంబ్లీలో చాలాసేపు నిలబడి కళ్లు తిరిగి పడటం వేరు, ఆట మధ్యలో పడటం వేరు. గుండె కండరం మందమయ్యే జబ్బు, ఈసీజీలో క్యూటీ అనే విరామం ఎక్కువయ్యే లయ జబ్బు ఇలాగే మొదటిసారి బయటపడవచ్చు. కుటుంబంలో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయారా అని అడగండి. ఈసీజీ, గుండె డాక్టర్ పరీక్ష అయ్యేదాకా ఆటలు ఆపాలి. గుండె ఉన్నట్టుండి స్విచ్ వేసినట్టు దడదడలాడి, అలాగే ఉన్నట్టుండి ఆగిపోతుందని చెప్పే పిల్లలకి ఎస్‌వీటీ, అంటే గుండె ఒక్కసారిగా అతివేగంగా కొట్టుకునే లయ జబ్బు, ఉండవచ్చు. ఆ దడ వచ్చినప్పుడు తీసిన ఈసీజీ చాలా విలువైనది.

పెన్సిలిన్_అక్క
పుట్టుకతో వచ్చేవి మాత్రమే మాట్లాడుతున్నారు. మంచి గుండెతో పుట్టి తర్వాత పాడుచేసుకున్నవాళ్లం కూడా ఉన్నాం. నాకు బడి వయసులో రుమాటిక్ జ్వరం వచ్చింది. గొంతునొప్పి తగ్గిన రెండు మూడు వారాలకి ఒక మోకాలు వాచింది, అది తగ్గేలోపు ఇంకో కీలు. గుండె ఎడమ వైపు రెండు గదుల మధ్య ఉండే మిట్రల్ కవాటం దెబ్బతింది. మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఏళ్ల తరబడి చేయించుకున్నాను. నొప్పిగా ఉంటుంది, నిజమే. కానీ జ్వరం మళ్లీ తిరగబెట్టిన ప్రతిసారీ కవాటం ఇంకాస్త చెడుతుంది. తల్లిదండ్రులకి నా విన్నపం: పిల్లలు బాగున్నారు కదా అని ఇంజెక్షన్ మానిపించకండి.

పిల్లల_గుండె_వైద్యుడు
అక్కా, ఇది ఇక్కడ రాసినందుకు ధన్యవాదాలు. గుండెకి దెబ్బ తగిలినవాళ్లకి కనీసం పదేళ్లు, కవాటం లోపం మిగిలిపోతే నలభై ఏళ్ల వయసు దాకా కూడా ఆ ఇంజెక్షన్ అవసరం కావచ్చు. స్ట్రెప్టోకోకస్ వల్ల వచ్చిన గొంతునొప్పికి తొమ్మిది రోజుల్లోపు యాంటీబయాటిక్ మొదలుపెట్టి పూర్తి కోర్సు వాడితే ఈ జబ్బునే ఆపవచ్చు.

పనిలో పనిగా కవాసాకి వ్యాధి కూడా గుర్తు పెట్టుకోండి. 1967లో జపాన్ వైద్యుడు తొమిసాకు కవాసాకి వివరించారు. ఎక్కువగా అయిదేళ్ల లోపు పిల్లల్లో వస్తుంది. అయిదు రోజులు దాటినా తగ్గని జ్వరం, పుసి లేకుండా ఎర్రబడ్డ కళ్లు, పగిలి ఎర్రబారిన పెదాలు, దద్దుర్లు, మెడలో గడ్డ, వాచిన చేతులు, కాళ్లు. అన్నీ ఒకేసారి కనిపించకపోవచ్చు. పది రోజుల్లోపు ఇమ్యునోగ్లోబులిన్ (యాంటీబాడీల మందు) ఎక్కిస్తే గుండె రక్తనాళాలు ఉబ్బే ముప్పు నలుగురిలో ఒకరి నుంచి సుమారు ఇరవై మందిలో ఒకరికి తగ్గుతుంది.

గుండె_గెలిచిన_వాడి_నాన్న
మందుల విషయంలో ఒక జాగ్రత్త. గుండె మందుల సిరప్‌లు ఒక్కో కంపెనీవి ఒక్కో గాఢతలో ఉంటాయి. సీసా మారినప్పుడల్లా "ఎన్ని మిల్లీగ్రాములు, ఈ సీసాలో అది ఎన్ని మిల్లీలీటర్లు" అని రెండూ రాయించుకుని సిరంజితో కొలవండి. బిడ్డ బరువు పెరిగే కొద్దీ మోతాదు మారుతుంది కాబట్టి పాత చీటీతో కొనొద్దు.

డాక్టర్ గారూ, మావాడికి పన్ను పుచ్చింది. పన్ను తీయించేముందు యాంటీబయాటిక్ కావాలా?

పిల్లల_గుండె_వైద్యుడు
రంధ్రం పూర్తిగా మూసుకుని, సర్జరీ జరిగి ఆరు నెలలు దాటి, రంధ్రం మీద కుట్టిన ప్యాచ్ పక్కన లీకు లేకపోతే అక్కర్లేదు. 2007 నుంచి అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కూడా ముప్పు ఎక్కువున్నవాళ్లకే అంటోంది: కృత్రిమ కవాటం ఉన్నవాళ్లు, ఇదివరకు గుండె లోపలి పొరకి ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్లు, సరిచేయని నీలి జబ్బు ఉన్నవాళ్లు, ఇంకా కొందరు. పాత ఎకో రిపోర్టు పళ్ల డాక్టర్‌కి చూపించండి, అనుమానముంటే వాళ్లు మీ గుండె డాక్టర్‌తో మాట్లాడతారు. పుచ్చిన పన్నుని మాత్రం అలాగే ఉంచొద్దు. నోట్లోని క్రిములు రక్తంలోకి చేరేది ఎక్కువగా పాడైన చిగుళ్ల నుంచే, అందుకని రోజుకి రెండుసార్లు బ్రష్ చేయించడం తప్పనిసరి.